శని ఆదివారాల కాగితాలు

మామయ్య ఇల్లు, వెనక గది
సోమవారం

అమ్మమ్మకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. బస్సు దిగేసరికి మామయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా పెట్టె ఎత్తి, "ఇందులో ఉన్నవి పుస్తకాలా, మా అమ్మ సర్ది పంపిన బుద్ధులా? ఇంత బరువుంది" అన్నాడు. నన్ను ఇప్పటికీ గుండుసూది అనే పిలుస్తున్నాడు. అత్తయ్య నాకోసం వెనక గది ఖాళీ చేసింది. కిటికీ తెరిస్తే మిల్లు గేటూ, దాని పక్కన కొండలా పోసిన చెక్క ముక్కల కుప్పా కనిపిస్తాయి. ఆ ముక్కల్ని ఇక్కడ చిప్స్ అంటారు. కోసిన చెక్క వాసన పొద్దున్నే గదిలోకి వచ్చేస్తుంది.

పని ఏమిటో అర్థమయ్యేలా రాయమన్నారు కదా. ఈ మిల్లులో కాగితపు గుజ్జును మందులు వేసి ఉడికించి తీయరు, చెక్కను నూరి తీస్తారు. చిప్స్‌ను కడిగి, ఆవిరి పట్టించి, రెండు ఇనుప చక్రాల మధ్యకు పంపుతారు. చక్రాల ముఖాలకు గాడులు తీసిన ప్లేట్లు బిగించి ఉంటాయి. ఒకటి తిరుగుతుంది, రెండోది కదలదు. మధ్య ఎడం అట్టముక్క మందం కూడా ఉండదు. పెద్ద తిరగలి అనుకోండి. దాని పేరు రిఫైనర్. అందులో నలిగి పీచుగా విడిపోయిన గుజ్జు సన్నని చీలికలున్న జల్లెడకు వెళ్తుంది. దాటిన గుజ్జు కాగితమవుతుంది. సరిగా విడిపోని పుల్లలు ఆగిపోతాయి, వాటిని రిజెక్టు అంటారు. రిజెక్టును పారేయరు. దానికోసం విడిగా ఒక చిన్న రిఫైనర్ ఉంది. అందులో మళ్ళీ నూరి, మళ్ళీ జల్లెడకు పంపుతారు.

ఆ చిన్న రిఫైనరే మామయ్యది. పద్దెనిమిదేళ్ళుగా దాని దగ్గరే ఉన్నాడు. మిల్లులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని తిరగలి బాబాయ్ అంటారు. శని, ఆదివారాల పని ఆయన అడిగి తీసుకున్నాడట. ఆఫీసు వాళ్ళు ఉండరు, ప్రాణానికి హాయి అంటాడు. మిగతా ఐదు రోజులూ దాన్ని వేరేవాళ్ళు నడుపుతారు.

నేను ఈ వరుసనంతా సమీకరణాలతో కంప్యూటర్‌లో కట్టాలి. కట్టాక దాన్ని ఒక ప్రశ్న అడగమన్నారు మేనేజర్ గారు. చిన్న రిఫైనర్‌ను ఆపేసి, రిజెక్టును తిరిగి పెద్ద రిఫైనర్‌కే పంపిస్తే గుజ్జు బాగుంటుందా, ఉండదా? బాగుంటుందని తేలితే చిన్నదాన్ని మూసేస్తారు. మామయ్యకు అక్కడ పని ఉండదు.

నేను కట్టే ఈ లెక్కల మిల్లును మోడల్ అంటారు. అది నిజమైన మిల్లులాగే నడుస్తోందో లేదో చూడాలంటే పనివాళ్ళు మీటర్లు చూసి గంటగంటకూ రాసిన రీడింగులతో పోల్చాలి. అందులో శని, ఆదివారాల కాగితాలన్నీ మామయ్య చేతిరాతే. తీర్పు ఆయన యంత్రం మీద, సాక్ష్యం ఆయనదే. ఏం చేయమంటారు?

మీ మనవరాలు

*

ఇల్లు, ముందు గది
శుక్రవారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం అందింది. యంత్రాన్ని వర్ణించిన తీరు బాగుంది. మీ అమ్మకు చదివి వినిపిస్తే ఆమెకూ అర్థమైంది. ఉడికించడం మాని నూరడమే ఎందుకు ఎంచుకున్నారో మాత్రం రాయలేదు.

నీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతున్నాను. మీ మామయ్య రాసిన కాగితాలు లెక్కలోకి తీసుకోవద్దు. యంత్రం నిలబడాలని తేలితే మేనకోడలు మామయ్యను కాపాడిందంటారు. మూసేయాలని తేలితే వాడి అంకెలతోనే వాడి గొయ్యి తవ్విందంటారు. ఆ రెండు మాటలూ పడనవసరం లేదు. చుట్టరికం చుట్టరికమే, లెక్క లెక్కే. కాగితాలు పక్కన పెట్టానని మేనేజర్ గారికి రాసి ఇవ్వు, నోటిమాట చాలదు.

నేను ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న బడిలోనే వాడు చదివాడని నీకు తెలుసు. అన్ని తరగతుల లెక్కల పరీక్షలూ నేనే దిద్దేదాన్ని. వాడి జవాబు పత్రం మాత్రం ఒక్కసారి కూడా దిద్దలేదు. కట్టలోంచి తీసి డ్రాయింగ్ మాస్టారికి ఇచ్చేదాన్ని. "ఒక్కసారి నువ్వు చూడవే అమ్మా" అని వాడు అడిగేవాడు. చూడలేదు. అందువల్లనే ఇన్నేళ్ళలో నా బడి వైపు ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

మూడు విషయాలకు జవాబు రాయి. ఒకటి, అత్తయ్యకు ఇంటిపనిలో సాయపడుతున్నావా? రెండు, మీ మామయ్య చెవి ఎలా ఉంది? మూడు, నీ పని వల్ల తనకు ఏం కావచ్చో వాడికి తెలుసా?

అమ్మమ్మ

*

వెనక గది
ఆదివారం

అమ్మమ్మకు నమస్కారాలు.

ముందు మీరడిగిన సందేహం. మందులతో ఉడికిస్తే చెక్కలో సగమే కాగితమవుతుంది, మిగతాది కరిగిపోతుంది. నూరితే దాదాపు అంతా కాగితమే. అయితే రిఫైనర్ కరెంటును మంచినీళ్ళలా తాగుతుంది. అందుకే ఈ చిన్న రిఫైనర్ మీద అందరి కళ్ళూ.

మామయ్య కాగితాలు పక్కన పెట్టాను. మేనేజర్ గారికి రాసిచ్చాను. ఆయన చదివి, "ఇంత పట్టింపు మనిషిని ఈ మధ్య చూడలేదమ్మా" అన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వేరేవాళ్ళు రాసినవే తీసుకున్నాను. పగటి షిఫ్ట్‌లో రోజుకు ఎనిమిది రీడింగులు, నాలుగు నెలలవి. చాలు.

మామయ్యకు చెబితే నవ్వాడు. "మంచి పని చేశావు. నా షిఫ్ట్‌లో రాయడానికి ఏముంటుంది? ఈగలు తోలుకోవడమే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క గొడవ లేదు" అన్నాడు.

జల్లెడ దగ్గర చాలా రోజులు చిక్కుకుపోయాను. పొడవాటి పీచు కాగితానికి బలం. కానీ అది కూడా చీలిక దాటలేక పుల్లలతోపాటే ఆగిపోతుంది. మంచీ చెడ్డా కలిసి వెనక్కి వస్తాయన్నమాట. అందుకని ఒక్కో పొడవుకు దాటే అవకాశం ఎంతో విడివిడిగా కట్టాను. ఆగినది నలిగి తిరిగొస్తుంది, అందులో కొంత మళ్ళీ ఆగుతుంది, అది మళ్ళీ తిరిగొస్తుంది. ఆ తిరుగుడు ఒకచోట కుదురుకోవాలి. మొన్న కుదురుకుంది. మోడల్ చెప్పిన అంకె, కాగితం మీది అంకె పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

అత్తయ్యకు సాయం చేస్తున్నాను. కూరగాయలు తరగనిస్తుంది కానీ పొయ్యి దగ్గరికి రానివ్వదు. మామయ్యకు ఎడమ చెవి దాదాపు వినబడదు. అయినా యంత్రం శబ్దం కనిపెడతాడు. ఒక కర్ర ఉంది, దాని ఒక కొస యంత్రపు ఇరుసు తిరిగే బేరింగు మీద ఆనించి రెండో కొస దవడకు ఆనించుకుంటాడు. నన్నూ విని చూడమన్నాడు. నాకు హోరు తప్ప ఏమీ తెలియలేదు. "నీకు లెక్క వినబడుతుంది, నాకిది వినబడుతుంది. ఎవరి చెవుడు వాళ్ళది" అన్నాడు.

మీ మనవరాలు

*

ముందు గది
గురువారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

మూడు ప్రశ్నలు అడిగాను. రెండింటికి జవాబులు వచ్చాయి.

మూడోది మరిచిపోయావనుకోను. నీకు మతిమరుపు లేదు. వాడింట్లో తింటూ, వాడి గదిలో పడుకుంటూ, వాడి పని ఉంటుందో ఊడుతుందో తేల్చే లెక్క వేస్తున్నావు. ఆ సంగతి వాడికి సూటిగా చెప్పలేదని నీ ఉత్తరమే చెబుతోంది. నీళ్ళు నమలకు. ఫలితం వచ్చిన రోజునే, మేనేజర్ గారికంటే ముందు వాడికి చెప్పు. లెక్కలో పక్షపాతం ఉండకూడదు కానీ మర్యాద ఉండవచ్చు.

అక్కచెల్లెళ్ళ పోలిక సరికాదు. అక్కచెల్లెళ్ళ మధ్య తేడాలే ఎక్కువ. నన్నూ మా చెల్లెల్నీ అడుగు.

అమ్మమ్మ

*

వెనక గది
మంగళవారం

అమ్మమ్మకు,

ఫలితం వచ్చింది. పెద్ద రిఫైనర్ ప్లేట్ల ఎడం కొంచెం బిగించి, జల్లెడ చీలికలు కొద్దిగా మారిస్తే, రిజెక్టు మొత్తం గుజ్జులో ఐదో వంతు దగ్గర నిలబడుతోంది. ఆ మాత్రం పెద్ద రిఫైనర్ మోయగలదు. చిన్నదాన్ని ఆపవచ్చు.

మీరు చెప్పినట్టే ముందు మామయ్యకు చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర. అత్తయ్య వడ్డిస్తోంది, గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. మామయ్య ఒక్కటే అడిగాడు.

"నీ లెక్కలో శని, ఆదివారాలు ఎలా ఉన్నాయి?"

"అవి లేవు మామయ్యా. నువ్వు రాసినవని తీసేశాను కదా."

"అమ్మ చెప్పిందా?"

"అవును."

"అయితే సరే" అని లేచి చేయి కడుక్కున్నాడు.

ఎందుకడిగావని వెనకాలే వెళ్ళి అడిగాను. "ఊరికే. పద్దెనిమిదేళ్ళు రాశాను, అవి ఎక్కడైనా పనికొచ్చాయేమోనని" అన్నాడు. అంతకు మించి ఆయన మనసులో ఏమీ ఉన్నట్టు లేదు. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అమ్మమ్మా, ఆ కాగితాలు నా బల్ల కిందనే ఉన్నాయి. వాటిని కూడా మోడల్‌కు ఇచ్చి చూడటం ఒక్క పూట పని. రిపోర్టు ఇవ్వడానికి ఇంకా వారం ఉంది. చూడనా?

మీ మనవరాలు

*

ముందు గది
శనివారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

వద్దు.

జవాబు తేలాక, అది నచ్చక, కొత్త అంకెల కోసం వెతికే పిల్లలను నేను చాలామందిని చూశాను. పుస్తకం చివర ఉన్న జవాబు రావడానికి మధ్యలో ఒక మెట్టు కల్పిస్తారు. కొట్టివేతలు చూస్తేనే తెలిసిపోతుంది. ఆ కాగితాలు తీసుకోకూడదని ఫలితం తెలియక ముందే నిర్ణయించావు, రాసి ఇచ్చావు. ఇప్పుడు వాటిని ఎందుకు తీస్తున్నావు? యంత్రం కోసమా, మామయ్య ముఖం చూడలేకనా? నిజం నీకు తెలుసు.

వాడు అడిగిన ప్రశ్న లెక్కకు సంబంధించింది కాదని వాడే చెప్పాడు. బాధ సహజం. బాధ సాక్ష్యం కాదు. చేతిలో పని ఉన్నవాడు ఎక్కడైనా బతుకుతాడు. వాడు నా కొడుకు, ఈ మాట రాయడం నాకు తేలిక అనుకోకు.

రిపోర్టు ఇచ్చెయ్యి.

అమ్మమ్మ

*

మిల్లు వసతి గృహం, పై అంతస్తు
ఆదివారం

అమ్మమ్మకు నమస్కారాలు.

ఉత్తరం ఆలస్యమైంది, మన్నించండి. వానలు బాగా పడుతున్నాయి. రెండు వారాలు చిన్న రిఫైనర్‌ను ఆపి నడిపి చూశారు. శని, ఆదివారాలతో సహా గుజ్జు బాగానే ఉంది. తర్వాత పూర్తిగా ఆపేశారు. మేనేజర్ గారు నన్ను మెచ్చుకున్నారు. ఇంకొక ఏడాది ఇక్కడే ఉండమన్నారు.

దగ్గరగా ఉంటుందని వసతి గృహానికి మారాను. మామయ్య వాళ్ళు బాగానే ఉన్నారు. అమ్మను అడిగానని చెప్పండి.

మీ మనవరాలు

*

ముందు గది
బుధవారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం సగం పేజీ ఉంది. నువ్వు ఇంతవరకు నాకు సగం పేజీ రాయలేదు.

దగ్గరగా ఉంటుందని ఇల్లు మారావట. మామయ్య ఇంటి కిటికీలోంచి మిల్లు గేటు కనిపిస్తుందని మొదటి ఉత్తరంలో రాశావు. దానికంటే దగ్గర అంటే మిల్లు లోపల పడుకోవాలి.

మామయ్య వాళ్ళు బాగానే ఉన్నారని రాశావు. నేను వాడికి రెండు ఉత్తరాలు రాశాను. వాడు జవాబు రాయలేదు. బద్ధకస్తుడే కానీ నా ఉత్తరానికి ఎప్పుడూ రెండు ముక్కలైనా రాసేవాడు.

సంగతి ఏమిటో ఉన్నదున్నట్టు రాయి. అందంగా రాయనక్కర్లేదు.

అమ్మమ్మ

*

వసతి గృహం, పై అంతస్తు
గురువారం

అమ్మమ్మకు,

మీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇప్పుడు రాయక తప్పదు.

చిన్న రిఫైనర్ ఆగిన వారమే మామయ్యకు గేటు దగ్గర లారీలు తూచే కాటా మీద పని ఇస్తామన్నారు. వద్దన్నాడు. అత్తయ్య అన్నగారికి వేరే ఊళ్ళో సరుకులు కట్టే గోడౌను ఉంది, అక్కడ పెట్టెలు పేర్చే పనికి వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు నేను సామాను సర్దబోతే అత్తయ్య నా చేతిలోని గిన్నె తీసుకుంది. "వద్దులేమ్మా. మా గిన్నెలో తిన్నావు, మా ఇంటాయన్నే జల్లెడ పట్టావు. ఇంక ఈ గిన్నె కూడా నువ్వే తోమాలా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

మామయ్య మాత్రం బస్సు ఎక్కేముందు నా తల మీద చేయి వేశాడు. "అమ్మ మాట విన్నావు. నేనూ విన్నవాణ్ణే. మనిద్దరం ఒకే బడి పిల్లలం గుండుసూదీ" అన్నాడు. ఈ మాట మీకు రాయాలని లేదు. ఉన్నదున్నట్టు రాయమన్నారు.

ఇక మిల్లు సంగతి. వానలు వెళ్ళి ఎండలు కాస్తున్నాయి. పోయిన నెల నుంచి ప్రతి శనివారం సాయంత్రానికి గుజ్జులో పుల్లలు పెరగడం మొదలైంది. ఆదివారానికి జల్లెడ మూసుకుపోతోంది. కాగితం తెగిపోతోంది. కాగితం తీసే యంత్రం ఆపి, తెగిన కొస మళ్ళీ ఎక్కించి, నడిపిన కాసేపటికే మళ్ళీ తెగుతోంది. సోమవారం మధ్యాహ్నానికి అన్నీ వాటంతట అవే సర్దుకుంటున్నాయి. అందరూ తలలు పట్టుకున్నారు.

నేను కుప్ప దగ్గరికి వెళ్ళి చూశాను. వారంలో ఐదు రోజులూ లారీల్లో పచ్చి చిప్స్ వస్తాయి, వచ్చినవి వచ్చినట్టే లోపలికి వెళ్తాయి. శని, ఆదివారాలు లారీలు రావు. ఆ రెండు రోజులూ పాత కుప్పలోంచి తోడి వేస్తారు. ఎండకు ఎండి గలగలలాడే చెక్క. ఎండిన చెక్క పీచుగా విడిపోదు, విరిగి పుల్లలవుతుంది. రిజెక్టు ఐదో వంతు దగ్గర ఆగదు, మూడో వంతు దాటుతుంది. అదంతా పెద్ద రిఫైనర్ మీదికే తిరిగొస్తుంది, అది మోయలేక ఇంకా పుల్లల్ని వదులుతుంది, అవీ తిరిగొస్తాయి. తిరుగుడు ఎక్కడా కుదురుకోదు. వానల్లో నడిపి చూసినప్పుడు కుప్ప తడిసి ఉంది, అందుకే తెలియలేదు.

ఇన్నేళ్ళూ ఆ రెండు రోజుల పుల్లల్ని చిన్న రిఫైనర్ చడీచప్పుడు లేకుండా మింగేస్తూ వచ్చింది. గొడవ లేదు కాబట్టి ఎవరికీ తెలియదు, మామయ్యకు కూడా. తన షిఫ్ట్ అంటే అంతే అనుకున్నాడు. కానీ కాగితాల్లో మాత్రం ఉంది. బల్ల కింద నుంచి తీసి మోడల్‌కు ఇచ్చాను. జవాబు తిరగబడింది. చిన్న రిఫైనర్ లేకుండా ఎండ కాసే ఆదివారం గడవదు.

ఒక్క పూట పని అని మీకు రాశాను. నిజంగా ఒక్క పూటే పట్టింది.

నా మోడల్ ఎండిన చెక్కను ఎన్నడూ చూడలేదు అమ్మమ్మా. నేనే చూడనివ్వలేదు. పక్షపాతం లేకుండా ఉండాలని మామయ్యను తీసేశాననుకున్నాను. తీసేసింది రెండు రోజుల్ని.

మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. చిన్న రిఫైనర్‌కు కొత్త ప్లేట్లు బిగించి మళ్ళీ నడుపుతున్నారు. మామయ్యను తిరిగి రమ్మని ఉత్తరం రాశారు. జవాబు నాకు చూపించారు, మూడే ముక్కలు. "ఒకదానికొకటి అరిగి అలవాటైన ప్లేట్లను విప్పాక మళ్ళీ బిగించకూడదు. ఎడం కుదరదు. కొత్త మనిషికి నేర్పుకోండి."

కొత్త మనిషి వచ్చాడు. మంచివాడే.

మీ మనవరాలు

*

ముందు గది
ఆదివారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు నెలలు ఆలస్యం చేసినందుకు మందలించాలని కలం తీశాను. ఆ వాక్యం రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది, కాగితం మార్చలేదు.

తప్పు నాదేనని మేనేజర్ గారికి చెప్పావట. ఆ లెక్క సరికాదు. నువ్వు నన్ను అడిగావు. రెండుసార్లు అడిగావు. రెండోసారి అడిగినప్పుడు నీకు సరైన అనుమానమే వచ్చింది. జవాబు నచ్చక లేని అంకెలు వెతకడం తప్పు. ఉన్న అంకెలను చూడకుండా పక్కన పెట్టడం అంతకంటే తప్పు. నువ్వు రెండో తప్పును దిద్దుకోబోయావు. నేను దాన్ని మొదటి తప్పుగా దిద్దాను. అంతమంది పిల్లల పత్రాలు దిద్దిన చేయి ఇది.

మీ అత్తయ్య మాటకు నొచ్చుకోకు. ఆ మాట నాకు చెందాల్సింది. ఆమె దగ్గర నువ్వు ఉన్నావు, నేను లేను.

మామయ్య అన్న మాట గురించి ఏమీ రాయలేను.

ఒక పని చేసిపెట్టు. వాడు రాసిన శని, ఆదివారాల కాగితాలు ఉన్నాయి కదా, మేనేజర్ గారి అనుమతి తీసుకుని వాటి నకళ్ళు నాకు పంపు. నాలుగు నెలలవీ. ఒక్కటి కూడా వదలకుండా.

అమ్మమ్మ

*

వసతి గృహం
బుధవారం

అమ్మమ్మకు నమస్కారాలు.

నకళ్ళు పంపుతున్నాను. ఎందుకని మేనేజర్ గారు అడిగారు. మా అమ్మమ్మ ఏదైనా అడిగితే ఎందుకని అడగమండీ అన్నాను. నవ్వి సంతకం పెట్టారు. అంకెలతో నిండిన కాగితాలు, మీ కళ్ళకు శ్రమ. మొదటి గడి వేళ, రెండోది మోటారు లోడు, మూడోది ప్లేట్ల ఎడం, చివరిది పుల్లల శాతం. కింద రోజు సగటు.

నిన్న మామయ్య కర్ర దొరికింది. చిన్న రిఫైనర్ వెనక గోడకు ఆనించి ఉంది. తీసుకెళ్ళడం మరిచిపోయాడో, వదిలేశాడో తెలియదు. కొత్తాయన దాంతో కిటికీ తెరుస్తున్నాడు.

నేనూ మీలాగే ఒకటి అడుగుతాను, జవాబు రాయాలి. మామయ్య మళ్ళీ మన ఇంటికి ఎప్పుడు వస్తాడు?

మీ మనవరాలు

*

ముందు గది
శనివారం

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

కాగితాలు క్షేమంగా అందాయి. భోజనాల బల్ల మీద పరిచి కూర్చున్నాను. మీ అమ్మ నాలుగు రోజులపాటు వంటగదిలోనే కంచాలు పెట్టింది.

వాడి చేతిరాత నేను సరిగ్గా చూసి చాలా ఏళ్ళయింది. నిలువు గీత నిలువుగా, అడ్డ గీత అడ్డంగా, ఒక గడిలోది ఇంకో గడిలోకి జారకుండా. బడిలో అందరికీ చెప్పేదాన్ని, గడి దాటిన అంకె గట్టు దాటిన నీరు అని. వెనక బెంచీలో కూర్చుని వింటున్నట్టే ఉండేవాడు కాదు. విన్నాడన్నమాట.

ఎర్ర పెన్సిలు చెక్కి దిద్దడం మొదలుపెట్టాను. ప్రతి రోజు సగటునూ మళ్ళీ కట్టాను. ఒక ఆదివారం కూడికలో తప్పు దొరికింది, రెండు మార్కులు తీశాను. మరో శనివారం ఒక గడి ఖాళీగా వదిలేశాడు, నిర్లక్ష్యం కింద నాలుగు తీశాను. నూటికి తొంభై నాలుగు. మొదటి కాగితం పైన మార్కులు వేసి గుండ్రంగా చుట్టాను. వేరే మాట ఏదీ చేర్చకుండా కట్టి వాడికి పంపాను. ఏం చేర్చాలో తెలియలేదని నీకు రాస్తున్నాను, వాడికి రాయలేదు.

తొమ్మిది రోజులకు కార్డు వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను.

"అమ్మకు. ఆదివారం కూడిక తప్పే, ఒప్పుకుంటాను. శనివారం గడి తప్పు కాదు. ఆ గంట మీటరు పాడైంది. చూడని అంకె నేను వేయను."

అంతే. క్షేమం లేదు, సంతకం లేదు.

వాడు చెప్పింది సరైనదే. మీటరు బాగుచేసినట్టు పక్క కాగితం వెనక రాసి ఉంది. నేను వెనక్కి తిప్పి చూడలేదు. నాలుగు మార్కులు తిరిగి కలిపి, తొంభై ఎనిమిది చేసి, పొరపాటు దిద్దిన వారిదని అంచున రాసి, ఆ ఒక్క కాగితాన్ని మళ్ళీ పంపాను. ఇది వాడికి నలభై ఏళ్ళ కిందట అందవలసిన పత్రం. ఇప్పుడు అందినదానికి విలువ ఎంతో వాడు నిర్ణయించుకోవాలి.

ఆ కర్ర కొత్తాయన దగ్గర అడిగి తీసుకుని జాగ్రత్త చెయ్యి. కిటికీకి ఇంకో కర్ర చూడమను.

నీ ప్రశ్నకు జవాబు. మామయ్య ఎప్పుడు వస్తాడని అడిగావు. నాకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదులుతున్నాను. చూడని అంకె నేనూ వేయను.

అమ్మమ్మ